రొయ్యల చెరువుకి డీవో మీటర్ కొనాలా? వాడి చూశాక నా మాట, మొప్పల సంగతితో సహా

ముందే చెప్పేస్తున్నా. రొయ్యల చెరువు ఉన్న ప్రతి ఒక్కరి దగ్గరా డీవో మీటర్, అంటే నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే సాధనం, ఉండాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. అయితే నేను కొన్న మీటర్‌కి అయిదు స్టార్లు మాత్రం ఇవ్వను, మూడున్నర ఇస్తాను, ఎందుకో కింద వివరంగా రాస్తున్నా. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి మీటర్లు మార్కెట్లో చాలా పేర్లతో దొరుకుతున్నాయి, నీళ్ళలో ముంచి కొలిచే ప్రోబ్ పనిచేసే పద్ధతి వాటిలో చాలావాటికి ఒకటే, కాబట్టి నేను చెప్పే మంచీ చెడూ మీరు కొనేదానికీ చాలావరకు వర్తిస్తాయి.

మాది భీమవరం వైపు. వెనామీ రకం రొయ్య వేస్తాం, పక్కనే బొచ్చె, శీలావతి పెంచే చేపల చెరువు ఒకటి ఉంది. డీవో అంటే నీళ్ళలో కరిగి ఉన్న ఆక్సిజన్, లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందో ఆ లెక్క, మనం వాడుకలో పీపీఎం అంటున్నదే. చాలామంది రైతులు దీన్ని కంటితోనే అంచనా వేస్తారు. నీళ్ళ రంగు చూస్తారు, చెక్ ట్రేలో మేత మిగిలిందా చూస్తారు, తెల్లవారుజామున గట్టు చుట్టూ టార్చి వేసుకుని తిరుగుతారు. అనుభవం ఉన్నవాళ్ళ కన్ను గొప్పదే, కాదనను. కానీ ఆ కన్ను చూసేది రొయ్య ఇబ్బంది పడటం మొదలయ్యాక కనిపించే గుర్తుల్ని. రొయ్యలు పైకి తేలి అంచులకి, ఏరియేటర్ల (నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రాలు) దగ్గరకి చేరుతున్నాయంటే వాటి మొప్పలకి ఊపిరి చాలడం లేదని అర్థం, అంటే అప్పటికే ఆలస్యం అయింది. మీటర్ చెప్పేది దానికి రెండు మూడు గంటల ముందు సంగతి. మీటర్ కొనడానికి ఇదొక్క కారణం చాలు.

ఇప్పుడు కొంచెం లోపలికి వెళ్తాను, ఎందుకంటే మీటర్ మీద అంకె చూసి ఏం చేయాలో తెలియాలంటే మొప్ప ఏం చేస్తుందో తెలియాలి. దీని గురించి మన దగ్గర ఎవరూ సరిగా చెప్పరు. అమ్మే షాపులో "4 పైన ఉంటే ఓకే అండి, 3 కిందకి వస్తే ఏరియేటర్లు పెంచండి" అంటారు. ఆ మాట తప్పు కాదు, కానీ చాలదు.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది, 30 డిగ్రీల దగ్గర బరువులో చెప్పాలంటే సుమారు 270 మిల్లీగ్రాములు. అదే 30 డిగ్రీల్లో లీటరు మంచినీరు గాలి నుంచి తీసుకుని పట్టి ఉంచుకోగలిగేది ఏడున్నర మిల్లీగ్రాములు. అంటే చెరువు నిండుగా ఊపిరి పీల్చుకున్న స్థితిలో కూడా, మన చుట్టూ గాలిలో ఉన్నదానిలో ముప్పై అయిదో వంతు ఆక్సిజనే రొయ్య చుట్టూ ఉంటుంది. తెల్లవారుజామున మీటర్ 3 చూపిస్తే అది తొంభయ్యో వంతుకి పడిపోయినట్టు. పైగా నీరు గాలికన్నా 800 రెట్లు బరువు, దాన్ని మొప్పల మీదుగా తోయడానికే జీవి ఎంతో శక్తి పెట్టాలి. మనం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఊపిరి పీల్చడానికి ఖర్చయ్యే శక్తి మొత్తంలో ఒకటి రెండు శాతం. చేపకి అది పది శాతం దాకా వెళ్తుంది, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఇంకా పెరుగుతుంది. డీవో తక్కువగా ఉన్న చెరువులో మేత వేసినా బరువు ఎందుకు రాదో ఇక్కడే తెలుస్తుంది. తిన్నదాంట్లో పెద్ద భాగం ఊపిరికే పోతుంది, అసలు ఊపిరి చాలనప్పుడు అవి తినడమే తగ్గించేస్తాయి.

మనిషి ఊపిరితిత్తులు నీటిలో ఎందుకు పనికిరావో కూడా ఇదే లెక్క చెప్తుంది. కదలకుండా కూర్చున్న మనిషికి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలి, బరువులో సుమారు 350 మిల్లీగ్రాములు. లీటరుకి 7 మిల్లీగ్రాములున్న నీటి నుంచి చివరి చుక్క దాకా పిండుకున్నా నిమిషానికి 50 లీటర్ల నీటిని లోపలికి లాగి బయటికి తోయాలి. గాలిలో అదే పని ఆరేడు లీటర్లతో అయిపోతోంది, అదీ పీల్చిన ఆక్సిజన్‌లో నాలుగో వంతు మాత్రమే వాడుకుని మిగతాది వదిలేస్తూ. 21 శాతంతో లోపలికి వెళ్ళిన గాలి 16 శాతంతో బయటికి వస్తుంది. గాలిలో ఆక్సిజన్ దండిగా ఉంది కాబట్టి మన ఊపిరితిత్తులకి ఆ దుబారా చెల్లిపోతోంది. ఒకే దారిలో లోపలికీ బయటికీ, పాత గాలి కొత్త గాలి కలిసిపోతూ ఉన్నా, లోపల కోట్లకొద్దీ గాలి గదులు, అన్నీ పరిస్తే దాదాపు 70 చదరపు మీటర్ల పొర, ఆ పొర మందం మిల్లీమీటర్లో రెండు వేలవ వంతు. పని జరిగిపోతుంది.

మొప్పకి అంత వెసులుబాటు లేదు. దొరికేదే తక్కువ, అందుకని దొరికిన ప్రతి చుక్క నుంచీ లాగాలి. చేప నోరు తెరిచి నీళ్ళు తీసుకుంటుంది, మొప్పల మీదుగా పంపిస్తుంది, మూత కింద నుంచి వెనక్కి వదిలేస్తుంది. నీళ్ళు ఎప్పుడూ ఒకే వైపు పోతాయి. ఒక్కో పక్క నాలుగు మొప్ప కమానులు, వాటికి దువ్వెన పళ్ళలా ఎర్రటి తంతువులు, ఒక్కో తంతువు మీద అటూ ఇటూ కంటికి ఆనని పలచటి రేకులు. ఆ రేకుల్లో రక్తం నీటికి ఎదురు దిశలో ప్రవహిస్తుంది, అసలు పనితనమంతా ఇక్కడే ఉంది. రెండూ ఒకే వైపు పోతే రక్తంలో ఆక్సిజన్, నీళ్ళలో ఆక్సిజన్ మధ్యలో ఎక్కడో సమానమైపోతాయి, ఇక ఆ తర్వాత మార్పిడి ఉండదు, సగం దగ్గర ఆగిపోతుంది. ఎదురెదురుగా పోతున్నప్పుడు, ఆక్సిజన్ నింపుకుని బయటికి పోబోయే రక్తానికి అప్పుడే లోపలికి వస్తున్న తాజా నీరు తగులుతుంది, ఆక్సిజన్ అయిపోవచ్చిన నీటికి ఇంకా ఖాళీగా ఉన్న రక్తం తగులుతుంది. దారి పొడుగునా నీటివైపే కొంచెం ఎక్కువ ఉంటుంది కాబట్టి దారి పొడుగునా ఆక్సిజన్ రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. బాగా పనిచేసే చేప మొప్ప నీళ్ళలోని ఆక్సిజన్‌లో 80 శాతం దాకా తీసుకోగలదు. మనం నాలుగో వంతుతో సరిపెట్టుకుంటున్న చోట అది అంత లాగుతోంది, నాకు ఇది ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే.

అదే చేపని ఒడ్డున పడేస్తే చుట్టూ అంత ఆక్సిజన్ ఉన్నా చచ్చిపోతుంది. ఆ పలచటి రేకుల్ని విడివిడిగా తేల్చి ఉంచేది నీరే. నీరు లేకపోతే అవి ఒకదానికొకటి అంటుకుపోతాయి, గాలి తగిలే వైశాల్యమే మిగలదు, తర్వాత ఎండిపోతాయి.

రొయ్య సంగతి కొంచెం వేరు. తలకాయ పెంకు కింద రెండు వైపులా మొప్పలుంటాయి, పెంకు ఎత్తి చూస్తే ఈకల్లా కనిపిస్తాయి. నీళ్ళని వాటి మీదుగా లాగడానికి నోటి దగ్గర తెడ్డులాంటి చిన్న అవయవం ఒకటి ఆగకుండా కొట్టుకుంటూ ఉంటుంది. అప్పుడప్పుడూ అది దిశ మార్చి వెనక్కి కొడుతుంది, మొప్పల్లో చేరిన మట్టిని వదిలించుకోవడానికి. రక్తంలో మనకున్నట్టు ఇనుముతో చేసిన హిమోగ్లోబిన్ ఉండదు, రాగితో చేసిన హిమోసయనిన్ ఉంటుంది, అది కణాల్లో కాకుండా నేరుగా రక్త ద్రవంలోనే కలిసి ఉంటుంది, ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు లేత నీలం రంగులోకి మారుతుంది. పెంకు విడిచేటప్పుడు మొప్పల మీది సన్నటి పొర కూడా పెంకుతోపాటే ఊడి వస్తుంది. ఆ సమయంలో ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, అదే సమయంలో రొయ్య చాలా బలహీనంగా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర మోల్టింగ్ (పెంకు విడవడం) ఎక్కువ అని మన రైతులు ఏరియేటర్లు పెంచుతారు చూడండి, అది సరైన పనే. ఆ రాత్రుల్లో మీటర్ తీసి కొలవడం ఇంకా సరైన పని.

సరే, మీటర్‌కి వస్తాను. నేను కొన్నది పొర ఉన్న రకం. చేతిలో పట్టే మీటర్, దానికి ఒక వైరు, వైరు చివర ప్రోబ్. ప్రోబ్ మూతికి బిగుతుగా లాగిన పలచటి పొర ఉంటుంది, దాని వెనక కొంచెం ఉప్పు ద్రావణం, అందులో రెండు ఎలక్ట్రోడ్లు. నీళ్ళలోని ఆక్సిజన్ పొర గుండా లోపలికి వెళ్తుంది, లోపలి ఎలక్ట్రోడ్ దగ్గర ఖర్చైపోతుంది, అలా ఖర్చయినప్పుడు పుట్టే కరెంటుని కొలిచి మీటర్ అంకెగా చూపిస్తుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పలచటి పొర, ఒక పక్క ఆక్సిజన్ ఎక్కువ, ఇంకో పక్క తక్కువ, ఆ తేడా వల్ల పొర దాటి రావడం. మొప్పలో జరిగేదీ, ఊపిరితిత్తిలో జరిగేదీ ఇదే. ప్రోబ్ కూడా మన చెరువులో ఊపిరి పీలుస్తోంది. మీటర్ వాడకంలో వచ్చే ప్రతి ఇబ్బందీ మొప్పకి వచ్చే ఇబ్బందే అని తెలిశాక నాకు దాన్ని ఎలా చూసుకోవాలో వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇది ఊరికే కుదిరిన పోలిక కూడా కాదు. ఈ రకం ప్రోబ్‌ని తయారు చేసింది లీలాండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, 1950లలో. ఆయన పని చెరువుల మీద కాదు, శరీరం బయట రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రం మీద. రక్తంలోకి ఆక్సిజన్ ఎంత ఎక్కిందో కొలవడానికి సాధనం కావలసి వచ్చి, ఎలక్ట్రోడ్ల మీద పొర కప్పి దీన్ని తయారు చేసి 1956లో ప్రచురించాడు. ఊపిరితిత్తి పని యంత్రంతో చేయించే ప్రయత్నంలో పుట్టిన సాధనం ఇవాళ మన గట్ల మీద మొప్పల కోసం వాడుతున్నాం. అదే క్లార్క్ 1966లో గోలన్ అనే ఇంకో శాస్త్రవేత్తతో కలిసి, ఆక్సిజన్ బాగా కరిగే ఫ్లోరోకార్బన్ ద్రవంలో ఎలుకల్ని ముంచి, అవి ఆ ద్రవాన్నే పీలుస్తూ బతికి ఉండటం చూపించాడు. ఊపిరితిత్తికి ద్రవంతో పేచీ లేదు, అందులో సరిపడా ఆక్సిజన్ లేకపోవడంతోనే పేచీ, పైన చెప్పిన 50 లీటర్ల లెక్క అదే కదా. అయితే అంత బరువైన ద్రవాన్ని లోపలికీ బయటికీ ఆడించి బొగ్గుపులుసు వాయువుని వదిలించుకోవడం వాటికి కష్టమైంది.

ఇక వాడకం. మొదటి సంగతి, ఈ రకం మీటర్ ఆన్ చేసిన వెంటనే కొలవకూడదు. పది పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వాలి, లేకపోతే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి మెల్లగా దిగుతుంది. రాత్రి రెండింటికి కరెంటు పోయి టెన్షన్‌లో పరిగెత్తినప్పుడు పదిహేను నిమిషాలు ఆగమంటే ఎవరికైనా చిరాకే. మీటర్‌కి నేను సగం స్టార్ కోసింది అందుకు. గాల్వానిక్ అని ఇంకో రకం ఉంది, దానికి ఈ వేడెక్కే సమయం అక్కర్లేదు, కొనేముందు ఏ రకమో అడగండి.

రెండోది, ప్రోబ్‌ని నీళ్ళలో వేలాడదీసి ఊరుకుంటే అంకె తగ్గుతూ పోతుంది. ప్రోబ్ తన చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ని తనే తినేస్తుంది, నీరు కదలకపోతే పొర ముందు ఆక్సిజన్ లేని నీరు నిలిచిపోతుంది. మొప్ప మీద నీరు ఎందుకు కదులుతూనే ఉండాలో, చేప నోరు ఎందుకు ఆడిస్తూనే ఉండాలో దీన్ని చూస్తే తెలిసిపోతుంది. ప్రోబ్‌ని నీళ్ళలో మెల్లగా అటూ ఇటూ ఆడిస్తూ అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. మా చెరువు మీద ఉండే కుర్రాడికి ఇది ఒకసారి చూపించాను, ఇప్పుడు నాకన్నా బాగా తీస్తాడు.

మూడోది, పొర మీద పాచి. చెరువు నీళ్ళలో ప్రోబ్ ఉంచేస్తే జిగట పడుతుంది, జిగట పడితే ఆక్సిజన్ దాటడం నెమ్మదిస్తుంది, అంకె తక్కువ చూపిస్తుంది. మొప్పల మీద జూతామ్నియం లాంటి సూక్ష్మజీవులు పట్టుకున్నప్పుడు, మట్టి పేరుకున్నప్పుడు రొయ్యకి జరిగేదీ ఇదే, నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా లోపలికి అందదు. ప్రతిసారీ మంచినీళ్ళతో కడిగి, తడి స్పాంజి ఉన్న మూత పెట్టండి. గోరు తగలనివ్వకండి, ఆ పొర చిరిగితే మీటర్ పనికిరాదు.

నాలుగోది చాలా ముఖ్యం, నా అసలు ఫిర్యాదు కూడా ఇక్కడే. మన వైపు వెనామీ చెరువుల్లో ఉప్పు ఉంటుంది, మా దాంట్లో 15 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 15 భాగాల ఉప్పు) దగ్గర నడుస్తుంది. ఉప్పునీరు మంచినీటికన్నా తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. 30 డిగ్రీల్లో మంచినీరు 7.5 పట్టుకుంటే 15 పీపీటీ నీరు 7కి కాస్త అటూ ఇటూగా, సముద్రపు నీరు 6.2 దాకా మాత్రమే. ప్రోబ్‌కి ఉప్పు సంగతి తెలియదు, అది చూసేది పొర మీద ఆక్సిజన్ పెట్టే ఒత్తిడిని. అందుకని మీటర్‌లో సెలినిటీ అనే సెట్టింగ్ ఉంటుంది, అక్కడ మన చెరువు ఉప్పు అంకె పెట్టాలి. అది సున్నా దగ్గర వదిలేస్తే అసలు 4 ఉన్నచోట 4.3 పైన చూపిస్తుంది. ఉప్పు ఎక్కువున్న చెరువుల్లో తేడా ఇంకా పెద్దది, సముద్రపు నీటికి ఇరవై శాతం దాకా. నాకు మీటర్ అమ్మిన షాపు వాళ్ళు ఈ సెట్టింగ్ ఉందన్న మాటే చెప్పలేదు. పెట్టెలో ఉన్న పుస్తకం పూర్తిగా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఆ సంగతి దాంట్లో ఎక్కడో మధ్యలో ఒక పంక్తిలో రాశారు. రొయ్యల రైతుల కోసమే అని చెప్పి అమ్ముతున్న వస్తువుకి ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వలేరా? రైతు ప్రాణం పెట్టి చూసుకునే అంకె అది. దీనికి ఒక స్టార్ మొత్తం తీసేశాను, ఇందులో నాకు మొహమాటం లేదు.

నీరు పట్టుకోగలిగినదాంట్లో ఇప్పుడు ఎంత ఉందో శాతంలో చూపించే బటన్ కూడా మీటర్‌లో ఉంటుంది, దాన్ని చాలామంది నొక్కనే నొక్కరు. పీపీఎం చెప్పేది ఎంత ఉందో, శాతం చెప్పేది ఒత్తిడి ఎంతో. మొప్పలోకి ఆక్సిజన్‌ని తోసేది ఒత్తిడే కాబట్టి ఆ అంకె కూడా చూడాలి. మధ్యాహ్నం రెండింటికి నీళ్ళు పచ్చగా ఉన్న చెరువులో పైన కొలిస్తే శాతం నూరు దాటి పోతుంది, నీటిలోని ప్లాంక్టన్ (నీటికి పచ్చరంగు ఇచ్చే, కంటికి ఆనని నాచులాంటిది) ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తోంది మరి. ఆ సమయంలో ఏరియేటర్లు తిప్పితే ఆక్సిజన్ ఎక్కదు, ఎక్కువున్నది గాలిలోకి పోతుంది. నీరు పైదీ కిందదీ కలవడానికి కాసేపు తిప్పడం వేరే సంగతి. కరెంటు బిల్లు గురించి బాధపడేవాళ్ళు మీటర్ ఖర్చు ఇక్కడే తిరిగి రాబట్టుకోవచ్చు. మరీ ఎక్కువైపోయి శాతం చాలా పైకి పోతే మొప్పల్లో, రక్తంలో గాలి బుడగలు వచ్చే జబ్బు కూడా ఉంది, అదీ మంచిది కాదు.

ఎక్కడ కొలవాలి అన్నది షాపుల్లో ఎవరూ చెప్పరు. రొయ్య అడుగున ఉంటుంది. పైనున్న నీళ్ళలో 6 చూపించి అడుగున 3 ఉన్న సందర్భాలు మా చెరువులోనే చూశాను, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజుల్లో, మడ్డి పేరుకున్న మూలల్లో. మడ్డి కూడా ఊపిరి పీలుస్తుంది, అందులోని బాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ తింటూనే ఉంటాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టనే రాత్రి తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు మధ్య అంకె అట్టడుగున ఉంటుంది. ప్రోబ్‌ని అడుగు దాకా దించి, మడ్డికి తగలకుండా జానెడు పైన పట్టుకుని కొలవండి. నా మీటర్ వైరు పొట్టిది, గట్టు మీద నుంచి అందదు, కర్ర కట్టి దించాలి. పొడుగు వైరు విడిగా అమ్ముతారు, మొదటే అది అడిగి తీసుకోండి.

చేపల చెరువులో దీని అవసరం చేపని బట్టి ఉంటుంది. మా దగ్గర డీవో పడితే ముందు బొచ్చె పైకి వచ్చి నోరు తెరుస్తుంది. పైనున్న పలచటి నీటిపొర గాలికి తగులుతూ ఉంటుంది కాబట్టి అక్కడే కాస్త ఆక్సిజన్ ఉంటుంది, దాన్ని మొప్పల మీదుగా పంపుకోవడానికి చేసే ప్రయత్నం అది. గాలి మింగడం అనుకుంటారు కానీ బొచ్చెకి గాలి నుంచి ఊపిరి తీసుకునే ఏర్పాటు లేదు. కొల్లేరు, కైకలూరు వైపు బాగా పెంచే పంగాసియస్‌కి ఆ ఏర్పాటు ఉంది, దాని గాలితిత్తి ఊపిరితిత్తిలా కూడా పనిచేస్తుంది, అందుకే తక్కువ డీవోని అది తట్టుకుంటుంది. కొర్రమీను ఇంకా ముందుకి వెళ్ళింది. మొప్పల పైన దానికి గాలి పట్టే గది ఉంది, పెద్దయ్యాక పైకి వచ్చి గాలి పీల్చక తప్పదు, పైకి రానివ్వకుండా నీళ్ళలోనే ఆపేస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. హైదరాబాద్ చేపల మార్కెట్లలో రెండంగుళాల నీళ్ళున్న టబ్బుల్లో కొర్రమీను బతికే ఉండటం దీని వల్లే. కేవలం కొర్రమీను పెంచేవాళ్ళు ఈ మీటర్ మీద డబ్బు పెట్టకపోయినా నడుస్తుంది, పిల్లల దశలో మాత్రం జాగ్రత్త, గాలి పీల్చే గది తయారయ్యేదాకా అవి మొప్పల మీదే ఆధారపడతాయి.

మీటర్ చెప్పలేని సంగతులు కూడా రాయాలి, లేకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు ఊళ్ళో ఇంటింటికీ వేలికి పెట్టే ఆక్సీమీటర్ వచ్చింది, 94 కిందకి పోతే ఆసుపత్రికి అని అందరికీ తెలిసింది. అది కొలిచేది రక్తంలోకి ఎక్కిన ఆక్సిజన్‌ని, అంటే ఊపిరితిత్తి పని చేశాక వచ్చిన ఫలితాన్ని. గదిలో గాలి బాగానే ఉండి ఊపిరితిత్తి పాడైతే ఆ అంకె పట్టేస్తుంది. డీవో మీటర్ కొలిచేది మొప్ప బయట ఉన్నదాన్ని మాత్రమే. నీళ్ళలో నైట్రైట్ (చెరువులోని వ్యర్థాల నుంచి తయారయ్యే విషపదార్థం) పెరిగితే అది మొప్పల గుండా రక్తంలోకి వెళ్ళి చేప హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయలేనట్టుగా మార్చేస్తుంది, రక్తం గోధుమ రంగులోకి తిరుగుతుంది, మీటర్ 5 చూపిస్తున్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది. అప్పుడు ఏరియేటర్లు ఎన్ని తిప్పినా పూర్తి ఫలితం ఉండదు. చేపల చెరువులో ఉప్పు చల్లమంటారే, దాని వెనక కారణం ఉంది, ఉప్పులోని క్లోరైడూ నైట్రైటూ మొప్పలోకి ఒకే దారిలో వెళ్తాయి, క్లోరైడ్ ఎక్కువుంటే నైట్రైట్‌కి దారి దొరకదు. అలాగే అమ్మోనియా. చేప, రొయ్య తమ ఒంట్లో అమ్మోనియాని ఎక్కువగా వదిలేది మొప్పల నుంచే, బయట నీళ్ళలోనే అది పెరిగిపోతే వదలడం కష్టమవుతుంది. ఈ రెండింటికీ వేరే టెస్ట్ కిట్లు ఉన్నాయి, వారానికి రెండుసార్లయినా చూడండి. నల్ల మొప్పల జబ్బు అయితే ఏ మీటరూ చెప్పదు, రొయ్యని చేతిలోకి తీసుకుని తల పెంకు కొంచెం ఎత్తి చూడాల్సిందే. మొప్ప తెల్లగా, శుభ్రంగా ఉంటే సరే, నలుపు గానీ గోధుమ రంగు గానీ కనిపిస్తే అడుగు మడ్డిని అనుమానించండి.

డబ్బు సంగతి. నాది ఇరవై వేల లోపు అయింది. కాంతితో కొలిచే రకం మీటర్లు దీనికి కొన్ని రెట్లు ఖరీదు. వాటి ప్రోబ్ మూతిలో ఒక రంగు పదార్థం ఉంటుంది, నీలం కాంతి పడితే అది ఎర్రగా మెరుస్తుంది, ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఉంటే ఆ మెరుపు అంత తగ్గుతుంది. అది ఆక్సిజన్‌ని తినదు కాబట్టి నీళ్ళలో ఆడించక్కర్లేదు, వేడెక్కే సమయం అక్కర్లేదు, ద్రావణం నింపే పని లేదు. తెలిసిన వాళ్ళ దగ్గర వాడి చూశాను, హాయిగా ఉంది. పది పన్నెండు చెరువులున్నవాళ్ళు అదే కొనుక్కోవడం మంచిది. ఒకటి రెండు చెరువులున్న చిన్న రైతుకి పొర రకం చాలు, శ్రద్ధగా చూసుకుంటే. చుక్కల కిట్ కూడా ఉంది, రసాయనాలు కలిపి రంగు చూసేది, 1888లో వింక్లర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి మీద నడుస్తుంది, చవక, నమ్మకమైనది. అయితే రాత్రిపూట టార్చి వెలుతురులో రంగు పోల్చుకోవడం కష్టం, అడుగు నీటిని గాలి తగలకుండా సీసాలోకి పట్టడం ఇంకా కష్టం. మీటర్ మీద అనుమానం వచ్చినప్పుడు సరిచూసుకోవడానికి ఒకటి ఇంట్లో ఉంచుకోండి, నేనూ ఉంచుకున్నాను.

సర్వీస్ గురించి ఒక్క మాట. పొర మూత పాడైతే కొత్తది కావాలని మీటర్ కొన్న చోటికి ఫోన్ చేస్తే స్టాక్ లేదన్నారు, తెప్పిస్తామన్నారు, పంట మధ్యలో చాలా రోజులు మీటర్ పక్కన పడి ఉంది. ఆఖరికి వేరే ఊళ్ళో దొరికింది. మీరు మాత్రం మీటర్‌తో పాటే రెండు పొర మూతలు, ఒక ద్రావణం సీసా బిల్లులో వేయించుకుని తెచ్చుకోండి, మీటర్ డబ్బులు ఇచ్చే ముందే షాపులో సెలినిటీ సెట్టింగ్ పెట్టి చూపించమనండి, చూపించలేకపోతే ఆ షాపులో కొనకండి.